బ్లూయీ వచ్చాడా, వచ్చిందా?

పల్లవి_ఓరుగల్లు | శనివారం, రాత్రి 9:42

మా ఇంట్లో నాలుగు రోజులుగా ఒకటే పంచాయితీ, మీరైనా తీర్చండి. మా పాపకి అయిదేళ్ళు. బ్లూయీ అనే ఆస్ట్రేలియా కార్టూన్ ఇంగ్లీషులో చూస్తుంది. నీలం రంగు కుక్కపిల్ల, చెల్లెలు బింగో, అమ్మ, నాన్న. రాక్షసులు, యుద్ధాలు ఏమీ ఉండవు, ఇంట్లో ఆడుకునే ఆటలే కథ. మా అత్తమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తనూ చూస్తుంది. ఇంగ్లీషు ముక్క రాదు గానీ కథ నాకంటే బాగా పట్టేసింది.

మొన్న "చూడు, ఆ నీలపోడు మళ్ళా నాయిన మీదికెక్కిండు" అంది. పాప కస్సుమంది. "నానమ్మా, వాడు కాదు, బ్లూయీ అమ్మాయి!" సరేలే అని ఆవిడ "అయితే ఎక్కింది" అని సర్దుకుంది. పాప కాసేపు ఆలోచించి అడిగింది కదా: "కుక్క అని ఎక్కిందా, అమ్మాయి అని ఎక్కిందా?"

నా దగ్గర జవాబు లేదు. పైగా మొదటి వారం నేనూ బ్లూయీని మగపిల్లాడే అనుకున్నాను. నీలం కదా! ఎర్రగా ఉన్న బింగో ఆడపిల్ల, నీలంగా ఉన్నది అన్న అని నాకు నేనే కథ అల్లేసుకున్నాను. ఇద్దరూ అక్కాచెల్లెళ్ళు.

ఆ తర్వాత కూర్చుని మన దగ్గర తయారైన కార్టూన్లు లెక్కపెట్టాను. ఛోటా భీమ్, లిటిల్ కృష్ణ, మైటీ రాజు, మోటు పత్లు, శివ, రుద్ర, లిటిల్ సింగం. పేరులోనే ఆడపిల్ల ఉన్నది ఒక్కటీ గుర్తు రాలేదు. మీకేమైనా తెలిస్తే చెప్పండి.


కందిపొడి_నెయ్యి | శనివారం, రాత్రి 9:58

డోరా ఉంది కదండీ. ఖుషీ టీవీలో తెలుగులో వచ్చేది. మా తమ్ముడు ఆ మ్యాప్ పాట పాడి పాడి చంపేవాడు.


పల్లవి_ఓరుగల్లు | శనివారం, రాత్రి 10:03

డోరా అమెరికాది అండీ, 2000లో నికలోడియన్‌లో మొదలైంది. నేను మన దగ్గర పుట్టినవాటి గురించి అడుగుతున్నాను.


తెలుగుమాస్టారు_తెనాలి | ఆదివారం, ఉదయం 6:15

అమ్మా పల్లవీ, ముందు మీ పాపకి నా ఆశీస్సులు. ముప్పై ఏళ్ళు వ్యాకరణం చెప్పాను, ఇంత సూటి ప్రశ్న ఏ పిల్లా అడగలేదు.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో పదాలను మహత్తులు, అమహత్తులు అని విడదీశాడు. స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు, ఇవి కానివి మహత్తులు. అంటే మగవాడు ఒక్కడూ ఒక గట్టున, ఆడవాళ్ళు, ఆవులు, అరుగులు అన్నీ ఇంకో గట్టున. రాముడు వచ్చాడు. సీత వచ్చింది, లేడి వచ్చింది, వాన వచ్చింది. సూరి దీన్ని కల్పించలేదు సుమా, జనం మాట్లాడేదాన్ని సూత్రంగా పెట్టాడు. తమిళులకి ఈ చిక్కు లేదు, వారికి వాడికో రూపం, ఆమెకో రూపం, దానికో రూపం. కన్నడమూ అంతే.

కానీ బహువచనంలో తమాషా చూడండి. అక్కడ ఆడవాళ్ళు గట్టు దాటి మగవాళ్ళతో కలుస్తారు. అబ్బాయిలు వచ్చారు, అమ్మాయిలు వచ్చారు, కుక్కలు వచ్చాయి. కాబట్టి మీ పాపకి నా జవాబు: బ్లూయీ ఒక్కతే ఎక్కితే తేల్చలేం తల్లీ, అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ కలిసి ఎక్కినప్పుడు "ఎక్కారు" అంటే మనుషుల్లా చూసినట్టు, "ఎక్కాయి" అంటే కుక్కల్లా చూసినట్టు.

ఇక మన దగ్గర ఆడపిల్ల పేరుతో వచ్చిన బొమ్మల కథ ఉంది. మీనా. యునిసెఫ్ వాళ్ళు 1990లలో దక్షిణాసియా దేశాలన్నిటికీ కలిపి చేయించారు. మన యానిమేషన్ పితామహుడు రామ్ మోహన్ చేయి పడింది అందులో. ఇటు మనకీ, అటు బంగ్లాదేశ్, పాకిస్తాన్, నేపాల్‌కీ ఎవరిదో అనిపించకుండా ఆ పిల్లకి పొడుగు పావడా, చొక్కా వేశారు. మామిడిపండు కథ నేను బళ్ళో చూపించాను. పండు కోసుకొచ్చింది మీనా, పెద్ద ముక్క దక్కింది తమ్ముడు రాజుకి. తర్వాత ఒకరోజు ఇద్దరూ పనులు మార్చుకుంటారు, రాజుకి పట్టపగలే చుక్కలు కనిపిస్తాయి. అది చూసి మా ఏడో తరగతిలో ఒక పిల్ల లేచి "మా ఇంట్లో గుడ్డు కూడా ఇట్లాగే సార్" అంది. క్లాసు నవ్వింది, ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.


డబ్బింగ్_డైరీ | ఆదివారం, ఉదయం 11:20

మాస్టారికి నమస్కారం. నేను హైదరాబాద్‌లో పిల్లల చానెళ్ళకి తెలుగు డబ్బింగ్ స్క్రిప్టులు రాస్తాను, తొమ్మిదేళ్ళయింది. మీరు చెప్పిన మహత్తు నా రోజువారీ తలనొప్పి.

కొత్త షో రాగానే మేం మొదట రాసుకునేది పాత్రల పట్టిక. పేరు, వయసు, గొంతు, చివర "డు" నా "ది" నా. మనుషులకి ఇబ్బంది లేదు. జంతువులు, రోబోలు, మబ్బులు, రైలింజన్లు వచ్చినప్పుడే అసలు కథ. ఇంగ్లీషులో "హీ" అని ఉంటే డు పెడతాం. అసలు ఏమీ లేకపోతే? హీరో అయితే చేయి దానంతటదే డు రాస్తుంది. ఎలక వచ్చాడు, పిల్లి పారిపోయాడు. మామూలు తెలుగులో పిల్లిని ఎవరూ వాడు అనరు. కార్టూన్‌లో మాటలు నేర్చిన మరుక్షణం పిల్లికి మగతనం వస్తుంది. తెలివి ఉంటే డు, లేకపోతే ది. ఆడ పిల్లి ఎంత తెలివైనదైనా ది దగ్గరే ఆగిపోతుంది, దానికి ప్రమోషన్ లేదు.

ఈ మాట నాకు ఉద్యోగంలో చేరిన మూడేళ్ళకి గానీ తట్టలేదు. ఒక షోలో ఆడ తాబేలు, గుంపుకి నాయకురాలు. నేను "ఆమె చెప్పింది" అని రాశాను. రికార్డింగ్‌లో ఇంజనీరు నవ్వాడు, తాబేలుని ఆమె ఏంటండీ అని. అంతకుముందు ఎపిసోడ్‌లో మొసలిని "అతను" అన్నప్పుడు నవ్వలేదు.

గొంతుల సంగతి ఇంకా సరదా. హిందీలో ఛోటా భీమ్‌కి గొంతిచ్చింది సోనల్ కౌశల్, అమ్మాయి. డోరేమాన్‌కి కూడా ఆమే. జపాన్‌లో గోకుకి మసాకో నొజావా, అమెరికాలో బార్ట్ సింప్సన్‌కి నాన్సీ కార్ట్‌రైట్. లోకంలోని అల్లరి మగపిల్లలందరి గొంతులూ ఆడవాళ్ళవే. మగపిల్లాడి గొంతు పన్నెండేళ్ళకి మారిపోతుంది, షో మాత్రం ఇరవై ఏళ్ళు నడుస్తుంది, అదీ కారణం.


సీమబిడ్డ | ఆదివారం, మధ్యాహ్నం 2:05

అందరూ పెద్ద చదువులు చదివినట్టుండారు, కడప నుంచి ఒక సాదా తండ్రి మాట కూడా వినండి. నాకు ఇద్దరు పిల్లలు. ఆడపిల్ల హీరో కావాలా, సంతోషం, పెట్టండి. కానీ ఈ చర్చ ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఇంకో నాలుగు పోస్టులు దాటితే మగ మగ పెళ్ళి, ఆడ ఆడ పెళ్ళి అంటారు. 2022లో పెప్పా పిగ్‌లో కూడా ఒక ఎలుగుబంటి పిల్లకి ఇద్దరమ్మలు అని పెట్టారు. మూడేళ్ళ పిల్లలు చూసే షో అది! మా పిల్లాడు అడిగితే నేనేం చెప్పాల? ఏ వయసులో ఏం చెప్పాలో తేల్చుకోవాల్సింది ఇంట్లో పెద్దోళ్ళు, లండన్‌లో కూర్చున్న కంపెనీ కాదు.


ఫ్రేమ్24 | ఆదివారం, సాయంత్రం 4:31

సీమబిడ్డ అన్నా, దాని దగ్గరికి తర్వాత వద్దాం, ముందు రంగు గురించి నాలుగు మాటలు. నేను యానిమేటర్‌ని.

ఆడ బొమ్మ ఎలా గీయాలో మాకు మొదటి నెలలోనే వచ్చేస్తుంది. మగ బొమ్మ గీయి, కంటిరెప్పలకి మూడు వెంట్రుకలు పెట్టు, తల మీద రిబ్బన్ పెట్టు. అయిపోయింది. ఏమీ పెట్టకపోతే మగ అన్నమాట. మిన్నీ మౌస్ కాలం నుంచీ ఇదే కిటుకు. బ్లూయీ తీసినవాళ్ళు ఆ రెప్పలూ రిబ్బనూ పెట్టలేదు, అందుకే పల్లవి గారు తడబడ్డారు. తప్పు మీది కాదు, తొంభై ఏళ్ళ అలవాటుది.

స్మర్ఫ్స్ గుర్తుందా? ఊరంతా నీలం మగవాళ్ళు, ఒకే ఒక ఆడది, స్మర్ఫెట్. ఒకడికి తెలివి, ఒకడికి కోపం, ఒకడికి వంట, ఆమెకి ఆడతనం. కాథా పాలిట్ అనే రచయిత్రి 1991లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో దీనికి స్మర్ఫెట్ సూత్రం అని పేరు పెట్టింది. ఎక్కువమంది మర్చిపోయే సంగతి ఇంకోటి. స్మర్ఫెట్‌ని మొదట తయారుచేసింది దుష్ట మాంత్రికుడు గార్గమెల్. అప్పుడు ఆమె జుట్టు నలుపు, ఆమె వల్ల ఊరికి తలనొప్పి. తర్వాత పాపా స్మర్ఫ్ మార్చితే బంగారు రంగు జుట్టు వచ్చింది, అప్పుడు ఊరంతా ప్రేమలో పడింది. నలుపుకి తగాదా, పసుపుకి ప్రేమ.

మన ఛోటా భీమ్ ఊరు ఢోలక్‌పూర్ చూడండి. భీమ్ జట్టుకి ఎదురు నిలిచే మొరటు కుర్రాడి పేరు కాలియా. హిందీలో ఆ మాటకి అర్థం తెలుసు కదా, నల్లోడు. గుంపులో ముదురు రంగు ఎవరిదో కూడా చూడండి. భీమ్ స్నేహితురాలు చుట్కీకి తెల్లటి ముఖం, బుగ్గల మీద గులాబీ చుక్కలు. భీమ్‌ని తక్కువ చేయడం లేదు, మన హైదరాబాద్ స్టూడియో నుంచి 2008లో వచ్చిన పాత్ర, రాజీవ్ చిలక సృష్టి, దాని వల్లే నాలాంటి వాళ్ళం ఎందరమో ఈ పనిలోకి వచ్చాం. కానీ కాలియా అనే పేరు తెలుగు డబ్బింగ్‌లోనూ అలాగే ఉండిపోయింది. తెలుగు పిల్లలకి అర్థం తెలియదు కాబట్టి పేరు గుచ్చుకోదు, రంగు మాత్రం కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది.

పోతన కృష్ణుణ్ణి నల్లనివాడు అన్నాడు. టీవీలో ఆయన కూడా లేత నీలం అయిపోయాడు.

ఒకసారి నేను గీసిన పల్లెటూరి పిల్లకి చామనఛాయ పెట్టాను. క్లయింటు నుంచి రెండు మాటల మెయిల్: "ఫ్రెష్‌గా లేదు." రెండు షేడ్లు తగ్గించాం. మళ్ళీ మెయిల్. మళ్ళీ తగ్గించాం. చివరికి ఆ పిల్ల ఎండలో ఎప్పుడూ నిలబడనట్టు తయారైంది. కథలో ఆమె మేకలు కాస్తుంది.


కందిపొడి_నెయ్యి | ఆదివారం, సాయంత్రం 4:50

మోటు పత్లులో ఇన్‌స్పెక్టర్ చింగం మన దక్షిణాది వాళ్ళ మీద జోకే కదా? ఆ యాస, ఆ రజనీ స్టైలు, గాల్లో తుపాకీ పేలిస్తే నెత్తిన కొబ్బరికాయ పడటం. ఎడారిలో కాల్చినా కొబ్బరికాయే పడుతుంది. నవ్వొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ వింధ్యకి ఇవతల పుట్టిన ప్రతివాడి నెత్తినా కొబ్బరిచెట్టు మొలిపించాలా?


ఎడిసన్_రాజు | ఆదివారం, రాత్రి 8:12

చింగం గురించి విని నవ్వుకున్నాను. ఇక్కడ న్యూజెర్సీలో మా అందరి నెత్తినా కొబ్బరికాయలు పడే ఉన్నాయి.

చిన్నప్పుడు కార్టూన్ నెట్‌వర్క్‌లో జానీ క్వెస్ట్ చూసేవాణ్ణి. 1964 నాటి షో అది. అందులో కలకత్తా అనాథ పిల్లాడు హాజీ, తలపాగా, మంత్రం చదివితే తాడు లేచి నిలబడుతుంది. మనవాడు ఉన్నాడని మురిసిపోయాను, ఆ మంత్రం ఏ భాషో ఇప్పటికీ అర్థం కాదు. తర్వాత ఇక్కడికొచ్చాక అపూ, సింప్సన్స్ కార్టూన్‌లో కొట్టు నడిపే భారతీయుడు. సింప్సన్స్ పిల్లల షో కాదు గానీ ఇక్కడ స్కూల్లో పిల్లలందరికీ అపూ తెలుసు. ఆ యాసలో గొంతిచ్చింది హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడు. దాని మీద 2017లో డాక్యుమెంటరీ తీసింది మన తెలుగు కుటుంబం కుర్రాడే, హరి కొండబోలు, న్యూయార్క్ క్వీన్స్‌లో పుట్టి పెరిగిన కమెడియన్. 2020లో అజారియా ఇక ఆ గొంతు ఇవ్వనని తప్పుకున్నాడు. కొందరు మనవాళ్ళే "ఇంత చిన్నదానికి గొడవేంటి" అని హరిని తిట్టారు. వాళ్ళు ముప్పై ఏళ్ళు దాటి విమానం దిగినవాళ్ళు. ఇక్కడ మూడో తరగతి చదివినవాళ్ళు తిట్టలేదు.

ఇప్పుడు మా అమ్మాయికి పరిస్థితి కొంచెం మారింది. స్టీవెన్ యూనివర్స్‌లో కోనీ మహేశ్వరన్ అనే పిల్ల ఉంది. అమ్మ డాక్టర్, చదువు చదువు అని చంపుతుంది, ఆ ఒక్కటీ మన ఇళ్ళ నుంచి ఎత్తుకెళ్ళినట్టే ఉంటుంది. కానీ యాస జోకులు లేవు, కూర వాసన జోకులు లేవు. పుస్తకాలు చదువుతుంది, కత్తి తిప్పుతుంది. 2020లో డిస్నీ జూనియర్‌లో మీరా రాయల్ డిటెక్టివ్ వచ్చింది, మన దేశాన్ని పోలిన జల్పూర్ అనే ఊరు, డిటెక్టివ్ ఆడపిల్ల. మా అమ్మాయికి మీరా కంటే కోనీయే ఇష్టం. మీరా ఊళ్ళో రోజూ ఏదో ఒక పండగేనట, "మనింట్లో అన్ని పండగలు ఎందుకు లేవు నాన్నా" అంటుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి. స్పీడీ గొంజాలెస్ అని మెక్సికన్ ఎలక ఉండేది. కించపరిచేలా ఉందని 1999లో కార్టూన్ నెట్‌వర్క్ ఆపేసింది. తీరా చూస్తే లాటినో సంఘాలవాళ్ళే మా స్పీడీని మాకు ఇవ్వండి అని అడిగారు. 2002లో తిరిగి వేశారు. అది పిల్లిని గెలిచే ఎలక కదా, వాళ్ళకి అదే కనిపించింది. అపూ ఎవరినీ గెలవలేదు.


డబ్బింగ్_డైరీ | ఆదివారం, రాత్రి 8:40

రాజు గారూ, టామ్ అండ్ జెర్రీలో ఆ కాళ్ళు గుర్తున్నాయా? ముఖం కనిపించదు, లావు కాళ్ళు, చెప్పులు, చీపురు, టామ్ మీద అరుపులు. మేం ఇంటి ఓనరమ్మ అనుకునేవాళ్ళం. నిజానికి ఆమె నల్లజాతి పనిమనిషి పాత్ర, 1940 నుంచి 1952 వరకు ఉంది, గొంతు లిలియన్ రాండాల్ఫ్‌ది. ఆ మూస మీద నల్లజాతి హక్కుల సంఘం అభ్యంతరం చెప్పింది. 1960లలో టీవీకి వేసేటప్పుడు కొన్నిచోట్ల కాళ్ళు తెల్లగా మార్చి, ఐరిష్ యాసతో కొత్త గొంతు పెట్టారు. 1990లలో మళ్ళీ థియా విడేల్ అనే నల్లజాతి నటితో డబ్ చేయించారు, ఈసారి ఆ పాత పనిమనిషి యాస లేకుండా. ఒకే కాళ్ళకి మూడు గొంతులు.

నా వృత్తి మీద నాకే భయం వేసేది ఇలాంటప్పుడే. బొమ్మ ముట్టుకోకుండా, గొంతు మారిస్తే మనిషి మారిపోతుంది.


ఇంకో_కిరణ్ | సోమవారం, అర్ధరాత్రి 12:26

రెండేళ్ళుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. సీమబిడ్డ అన్న అడిగినదానికి చెప్పాలనిపించింది.

నేను చిన్న టౌన్‌లో పెరిగాను. నా నడక, చేతులు తిప్పడం కొంచెం వేరుగా ఉండేవి. ఆ వయసులో నాలాగా చేతులు తిప్పే పాత్ర టీవీలో ఒక్కటే చూశాను. పవర్‌పఫ్ గర్ల్స్‌లో హిమ్. ఎర్ర దెయ్యం, పీత చేతులు, మెడ చుట్టూ కుచ్చు, ఎత్తు మడమల బూట్లు, సన్నని గొంతు. ఆ షోలో అందరికంటే భయంకరమైన విలన్. అది వస్తే మా అన్న నా వైపు చూసి నవ్వేవాడు. మన సినిమాల్లో, టీవీ కామెడీల్లో ఆడంగి వేషాలు సరేసరి. అంటే నాకు రెండే దారులు చూపించారు, దెయ్యం లేదా జోకర్. నాకు హీరో అవ్వాలని లేదండీ. ఎవరూ నవ్వని ఒక మామూలు పాత్ర, పక్కన ఎక్కడో బడికి పోతూ కనిపిస్తే చాలనిపించేది.

2014 డిసెంబర్‌లో లెజెండ్ ఆఫ్ కొర్రా అనే కార్టూన్ చివరి ఎపిసోడ్ హాస్టల్లో చూశాను. చివర్లో కొర్రా, అసామీ అనే ఇద్దరమ్మాయిలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని వెలుగులోకి నడిచి వెళ్తారు, అంతే. స్నేహితులేనని నా రూమ్మేటు. కాదని నేను. కొద్ది రోజులకి దాన్ని తీసినవాళ్ళే అది ప్రేమేనని రాశారు. నేను పందెంలో ఒక ఎగ్ పఫ్ గెలిచాను. ఎందుకు అంత గట్టిగా వాదించానో మాత్రం వాడికి చెప్పలేదు.

2018 జులైలో స్టీవెన్ యూనివర్స్‌లో రూబీ, సఫైర్ పెళ్ళి చేసుకున్నారు. గౌను రూబీ వేసుకుంది, సూటు సఫైర్ వేసుకుంది. ఆ పెళ్ళి కోసం ఏళ్ళ తరబడి వాదించాల్సి వచ్చిందని ఆ షో సృష్టికర్త రెబెకా షుగర్ ఇంటర్వ్యూల్లో చెప్పారు. ఆ సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు 377 తీర్పు ఇచ్చింది, స్వలింగ సంబంధం నేరం కాదని. నాకు ఆ రెండూ ఒకే వానాకాలంగా గుర్తున్నాయి.

అన్నా, మీ పిల్లాడికి ఏం చెప్పాలని అడిగారు. "ఆ ఎలుగుబంటి పిల్లకి ఇద్దరమ్మలు" అంటే సరిపోతుందేమో. పిల్లలు తర్వాత అడిగేది ఆ ఇద్దరిలో అన్నం ఎవరు పెడతారనే.


సీమబిడ్డ | సోమవారం, ఉదయం 7:10

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివినా. నిన్ను నవ్విన వాళ్ళది తప్పే, దాంట్లో వాదన లేదు. కానీ నా మాట నేను వెనక్కి తీసుకోను. నవ్వకూడదని నేర్పడం వేరు, పెళ్ళి చూపించడం వేరు. పిల్లల కార్టూన్‌లో ఏ పెళ్ళీ వద్దు, ఆడ మగ పెళ్ళి కూడా వద్దు. ఆడుకోనీండి.


ఫ్రేమ్24 | సోమవారం, ఉదయం 9:33

అన్నా, ఆ మాట మీద నిలబడితే నేను మీ పార్టీనే. కానీ జనం వదలరు. 2020 జూన్‌లో ఏమైందో గుర్తుందా? భీమ్‌కి యువరాణి ఇందుమతితో పెళ్ళయిపోయిందని ఎవరో పుట్టించారు. చుట్కీకి అన్యాయం జరిగిందని ట్విట్టర్‌లో పెద్ద ఎత్తున న్యాయ పోరాటం. ఏళ్ళ తరబడి లడ్డూలు పెట్టింది చుట్కీ అయితే తాళి ఇందుమతికా అని. చివరికి స్టూడియోవాళ్ళు బయటికొచ్చి, ఆ పాత్రలన్నీ ఇంకా చిన్నపిల్లలే, ఎవరికీ పెళ్ళి కాలేదు అని చెప్పుకోవాల్సి వచ్చింది. చుట్కీ కరాటే నేర్చుకుందా, బడికి పోయిందా అని ఒక్కరూ అడగలేదు. మనకి ఆడ పాత్ర అంటే పెళ్ళి సంబంధమే.


కందిపొడి_నెయ్యి | సోమవారం, ఉదయం 9:41

ఇది విన్నారా? సెయిలర్ మూన్ అనే జపాన్ కార్టూన్‌లో యురేనస్, నెప్ట్యూన్ అని ఇద్దరు అమ్మాయిలు ప్రేమికులు. అమెరికా డబ్బింగ్‌లో అది దాచడానికి వాళ్ళని కజిన్స్ అని మార్చారు. బొమ్మల్లో చూపులు మాత్రం అలాగే ఉండిపోయాయి. తెలుగులో ఆ కిటుకు అస్సలు పనిచేయదు. కజిన్ అంటే మేనమామ కూతురా, మేనత్త కూతురా అని అడిగి, వరస కుదిరితే ముహూర్తం పెట్టేస్తారు మనవాళ్ళు.


డబ్బింగ్_డైరీ | సోమవారం, ఉదయం 10:05

కందిపొడి గారూ, ఆఫీసులో గట్టిగా నవ్వాను, అందరూ చూశారు. అదే షోలో జోయిసైట్ అనే మగ పాత్రకి ఇంకో మగవాడి మీద ప్రేమ. అమెరికన్ డబ్బింగ్‌లో ఆడ గొంతు పెట్టి ఏకంగా ఆడదాన్ని చేసేశారు. అదే అసలు పనితనం.


నిర్వాహకులు | సోమవారం, మధ్యాహ్నం 12:00

ఇంకో_కిరణ్ గారి పోస్టు కింద వచ్చిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. అభిప్రాయభేదం ఉంటే సీమబిడ్డ గారిలా మర్యాదగా రాయండి.


తెలుగుమాస్టారు_తెనాలి | సోమవారం, సాయంత్రం 5:48

నేను పాతకాలపు మనిషిని, ఈ పెళ్ళిళ్ళ విషయంలో నా మనసు ఇంకా తేలలేదు. అయితే ఒకటి. 1963లో నర్తనశాల వచ్చినప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. రామారావు బృహన్నలగా వస్తే హాల్లో ఎవరూ హేళనగా నవ్వలేదు. జడ, నడక, చేతుల తిప్పుడు అన్నీ ఉన్నాయి. అర్జునుడని తెలుసు కాబట్టి నవ్వలేదంటారేమో. కావచ్చు. కిరణ్ బాబూ, నీ లోపల ఎవరున్నారో మీ అన్నకి తెలియలేదు, అంతే తేడా.

డబ్బింగ్ రాసే అమ్మాయికి ఒక ప్రశ్న. ఆడా మగా అని చెప్పుకోని పాత్ర వస్తే డు పెడతావా, ది పెడతావా?


డబ్బింగ్_డైరీ | సోమవారం, రాత్రి 9:15

మాస్టారూ, అబ్బాయినో అమ్మాయినో నేనింకా చెప్పలేదు, అయినా అమ్మాయి అన్నారు! (అమ్మాయినే. ఊరికే అన్నాను.)

రాజు గారు చెప్పిన షోలోనే అలాంటి పాత్ర ఉంది. స్టీవెన్, కోనీ ఇద్దరూ కలిసిపోయి స్టీవానీ అవుతారు, 2015లో వచ్చిన ఎపిసోడ్. ఇంగ్లీషులో "దే" అంటారు. హిందీ అనువాదకులు ఇక్కడ జుట్టు పీక్కోవాలి, ఆయా, ఆయీ రెండే ఉన్నాయి, బహువచనంలో కూడా లింగం వదలదు. మనకి చక్కగా "వచ్చారు" ఉంది. ఒక్కరికైనా చెల్లుతుంది, ఆడా మగా తెలియదు, పైగా మర్యాద. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, మూడూ మూడక్షరాలే, పెదవుల కదలిక కూడా దగ్గరే, లిప్ సింక్ చెడదు. ఇబ్బంది ఒక్కటే, పదేళ్ళ పిల్లని "వచ్చారు" అంటే మన చెవికి జమీందారు బిడ్డలా వినిపిస్తుంది.

పల్లవి గారూ, మీ పాప ప్రశ్నకి పరిష్కారం ఇదేనేమో చూడండి.


పల్లవి_ఓరుగల్లు | తర్వాతి ఆదివారం, రాత్రి 9:05

వారం ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అన్నీ చదివాను. కిరణ్ గారి పోస్టు మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ నిన్న మా మేనల్లుణ్ణి ఎవరో "ఆడపిల్లలా ఏడుస్తున్నాడు" అంటే "ఏడవనీ, నీకేం పోయింది" అన్నాడు. ఎప్పుడూ అనేవాడు కాదు.

"వచ్చారు" పాపకి చెప్పాను. అంతే, ఇంట్లో బతుకు మారిపోయింది. బ్లూయీ ఎక్కారు. బింగో పడిపోయారు. వీధిలో కుక్కగారు అరిచారు, కాకిగారు మా వడియాలు ఎత్తుకెళ్ళారు. రెండు రోజులు అందరం నవ్వుకున్నాం. మూడో రోజు పొద్దున అత్తమ్మ గుడి నుంచి వచ్చింది, పాప లోపలికి పరిగెత్తుకొచ్చి "అమ్మా, నానమ్మ వచ్చింది" అని అరిచింది. ఆవిడ చెప్పులు విడుస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది.

"కుక్క వచ్చారు, కాకి వచ్చారు. నేను మాత్రం వచ్చింది అయితినా?"